ఆగి ఉన్న లారీ, ఆగని ఇంజన్

గుంటూరు దగ్గరపడుతున్న సంగతి కంటి కంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. నరసరావుపేట దాటి మరికొంత దూరం వచ్చేసరికి గాలిలో ఒక ఘాటు కలుస్తుంది. ఆ ఊరివారు దానిని గమనించను కూడా గమనించరు. మావంటి కొత్తవారికి మాత్రం మొదట తుమ్ములు, ఆ తరువాత దగ్గు, చివరికి కళ్ళలో నీళ్ళు. ఏప్రిల్ నెల మొదటి ఆదివారం రాత్రి, ఇషా నమాజు వేళ దాటాక, ఒక మిర్చి లోడు లారీలో కూర్చుని నేను ఆ ఊరు చేరాను. నంద్యాల వైపు నుండి గిద్దలూరు, కంభం, వినుకొండల మీదుగా రెండువందల యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. నల్లమల ఘాటులో ఇంజన్ మూలుగు వింటూ, ఈ వయసులో నాకెందుకీ లారీ ప్రయాణమని ఒకటి రెండు సార్లు అనుకున్న మాట వాస్తవమే. అయినా రావలసిన కారణం ఉంది. అది ముందుగా చెప్పాలి.

లారీ నడుపుతున్నవాడు నా పూర్వ శిష్యుడు. మా మదరసాలో ఏడేళ్ళు చదివి, తండ్రి మరణించాక ఇంటి భారం మీద పడి స్టీరింగు పట్టాడు. నిరుడు మే నెలలో ఒక రాత్రి ఫోను చేశాడు. అప్పుడతడు ఒక సిమెంటు కర్మాగారం బయట లోడు కోసం ఎదురుచూస్తున్నాడు. "హజ్రత్, మసలా ఒకటి అడగాలి. మా సేఠ్ కొత్తగా ఏసీ క్యాబిన్ లారీ కొన్నారు. ఇంజన్ నడిస్తేనే ఏసీ నడుస్తుంది. రెండు రోజులుగా ఇక్కడే నిలబడి ఉన్నాను. పగలు రేకు కాగి, రాత్రికి కూడా క్యాబిన్ చల్లబడటం లేదు. ఇంజన్ వేసుకుని పడుకుంటే డీజిల్ సేఠ్‌ది. ఆపితే నిద్ర పట్టదు. నేను చేయవలసింది ఏది?"

నేను ఆ సమయంలో విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. కలం కింద పెట్టకుండానే జవాబు చెప్పాను. "డీజిల్ నీ దగ్గర అమానత్. అనుమతి లేకుండా వాడరాదు. పైగా దాని పొగ పక్కవారికి బాధ. ఇంజన్ ఆపి, సబర్ చెయ్యి." అతడు "సరే హజ్రత్" అని ఫోను పెట్టేశాడు. నాలుగో రోజు తెల్లవారుజామున అతడి లారీ రోడ్డు విడిచి పక్కనున్న కల్వర్టు గోడను ఢీకొన్నది. అల్లాహ్ దయవల్ల మరెవరికీ హాని జరగలేదు. అతడి కుడికాలు విరిగింది. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు "కునుకు పట్టింది హజ్రత్, మూడు రాత్రులుగా నిద్ర లేదు" అన్నాడు. ఎందుకు లేదని నేను అడగలేదు. అతడూ చెప్పలేదు. నా జవాబును అతడు ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు. అతడి ఆ మౌనమే నన్ను ఇప్పటికీ వదలలేదు.

చెప్పిన జవాబులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కాని అడిగిన వ్యక్తి ఏ స్థితిలో నిలబడి అడుగుతున్నాడో తెలుసుకోకుండా చెప్పాను. తన కాలపు జనుల పరిస్థితులు తెలియనివాడు ఫత్వా ఇవ్వరాదని మా గురువులు మాకు నేర్పారు. మేమూ విద్యార్థులకు నేర్పుతున్నాం. అందుకే కాలు బాగుపడి, అతడు తిరిగి బండి ఎక్కాక, "ఈసారి యార్డుకు వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు" అని అడిగాను.

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరు పొందినది. తేజ, 334, బ్యాడిగి వంటి రకాలు ఇక్కడికి చేరి, ఇక్కడి నుండి దేశదేశాలకు వెళతాయి. శని, ఆదివారాలు క్రయవిక్రయాలు ఉండవు గనుక సోమవారం సరుకు వెల్లువెత్తుతుంది. సీజన్‌లో ఒక్కరోజులోనే లక్ష టిక్కీలకు పైగా వచ్చిన సందర్భాలున్నాయి. టిక్కీ అంటే ఇక్కడివారి భాషలో నలభై కిలోలకు పైబడిన మిర్చి బస్తా. ఆ లక్ష టిక్కీలను మోసుకొచ్చిన లారీలు, ట్రాక్టర్లు, చిన్న ట్రక్కులు ఆదివారం సాయంత్రం నుండే రోడ్డు పక్కన బారులు తీరుతాయి. మేము చేరేసరికి మా ముందు ఎన్ని బండ్లు ఉన్నాయో లెక్కించడం కష్టం. వెనుక ఎర్రదీపాలు కనుచూపు మేర సాగిపోయాయి.

ఆ బారులో సగం ఇంజన్లు ఆగి ఉన్నాయి, సగం నడుస్తున్నాయి. బండి కదలనప్పుడు ఇంజన్ ఎందుకని దూరం నుండి చూసేవారికి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. దిగి నాలుగు లారీల దగ్గర నిలబడి అడిగితే నాలుగు కారణాలు వినిపించాయి.

మొదటి డ్రైవరు గాలి మీటరు చూపించాడు. పెద్ద లారీలకు బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ఆ గాలిని ఇంజన్‌తో నడిచే పంపు నింపుతుంది. పాత బండిలో ఎక్కడో ఒకచోట గాలి కారుతుంది. ఒత్తిడి తగ్గితే బ్రేకులు వాటంతటవే బిగుసుకుంటాయి. మళ్ళీ గాలి నిండే వరకు బండి అంగుళం కదలదు. ఈలోపు ముందు బండి కదిలితే వెనుకవాడు దూరిపోతాడు. రెండవ డ్రైవరుకు బ్యాటరీ బలహీనం. "ఆపితే సెల్ఫ్ అందుకోదు సాబ్. పది టన్నుల బండిని ఎవరు తోస్తారు?" అన్నాడు. మూడవవాడు అంతకుముందే బండి ఆపబోతూ, టర్బో చల్లబడటానికి ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే తిరగనిస్తున్నాడు. అది సబబైన పనే. నాలుగవవాడు ఏసీ కోసం నడుపుతున్నాడు. అద్దాలు బిగించి ఉన్నాయి. లోపల అతడు గాఢనిద్రలో ఉన్నాడు. అతడి క్లీనరే బయట నిలబడి నాతో మాట్లాడాడు.

ఈ నాలుగవవాడి సంఖ్య ఇక మీదట పెరుగుతుంది. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీలన్నింటికీ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఇది మంచి నిర్ణయం. మండుటెండలో పన్నెండు గంటలు కూర్చునే మనిషికి ఆ మాత్రం చల్లదనం దయాదాక్షిణ్యం కాదు, అతడి హక్కు. కాని బండి ఆగాక ఆ చల్లదనానికి ధర చెల్లించేది ఎవరు అన్న ప్రశ్నకు నిబంధనలో జవాబు లేదు.

ధర తక్కువేమీ కాదు. పెద్ద డీజిల్ ఇంజన్ ఊరికే తిరుగుతుంటే గంటకు సుమారు ఒకటి నుండి మూడు లీటర్ల వరకు తాగుతుంది. రెండు లీటర్లు అనుకున్నా ఆరు గంటల నిద్రకు పన్నెండు లీటర్లు. లీటరు వంద రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఈ రోజుల్లో అది ఒక రాత్రికి వెయ్యి రూపాయల పైమాటే. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఒక్క లారీ, ఒక్క రాత్రికి ముప్ఫై కిలోల పైన. నడిచే ఇంజన్‌లో కాలినట్లు ఊరికే తిరిగే ఇంజన్‌లో ఇంధనం చక్కగా కాలదు. మసి పేరుకుంటుంది. బీఎస్-6 బండ్లలో ఆ మసిని పట్టే వడపోత తొందరగా నిండిపోతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే నిర్ధారించింది. పొగగొట్టానికి ఎక్కడైనా చిల్లు ఉండి, కార్బన్ మోనాక్సైడ్ మూసిన క్యాబిన్‌లోకి చేరితే నిద్రలో ఉన్నవాడికే ప్రాణాపాయం. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

రాత్రి ఒంటిగంట అయ్యేసరికి నాకు కూర్చోవడం కూడా కష్టమైంది. క్యాబిన్‌లో ఉక్క. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నా శిష్యుడు నన్ను చూసి, ఏమీ అనకుండా తాళం తిప్పాడు. "వద్దు బేటా" అన్నాను. "మీ కోసం హజ్రత్, కాసేపే" అన్నాడు. చల్లగాలి ముఖానికి తగిలింది. నేను రెండవసారి వద్దనలేదు. ఇది దాచవలసిన మాట కాదు. సబర్ చెయ్యమని ఫోనులో చెప్పిన నేను ఆ చల్లదనంలో గంటన్నర సేపు హాయిగా నిద్రపోయాను.

రెండున్నరకు మెలకువ వచ్చింది. తహజ్జుద్ చదువుకుందామని, వుజూ కోసం నీళ్ళ డబ్బా పట్టుకుని లారీ దిగాను. మా లారీకీ పక్క లారీకీ మధ్య ఉన్న సందులో ఒక పెద్దాయన గోనెపట్టా పరచుకుని పడుకుని ఉన్నాడు. మా బండిలోని సరుకులో ముప్ఫై టిక్కీలు ఆయనవే. కంభం దగ్గర ఎక్కాడు. పైన బస్తాల మీద మరో ముగ్గురు రైతులు పడుకుంటే ఆయనకు మోకాళ్ళ నొప్పివల్ల ఎక్కడం చేతకాలేదు. మా సైలెన్సర్ గొట్టం ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉంది. తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకున్నాడు. నిద్రపోవడం లేదు, దగ్గుతున్నాడు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. "ఇంజన్ ఆపమని పిలవవచ్చు కదా పెద్దాయనా?" అన్నాను.

ఆయన లేచి కూర్చుని, తువ్వాలు సర్దుకుంటూ అన్నాడు: "ఎట్టా పిలిచేది సాయిబుగారూ? పిల్లోడు పొద్దుటి నుంచి తోలుతా ఉండాడు. మళ్ళా మమ్మల్నందర్నీ ఎక్కించుకుని ఎనక్కి తోలాల. ఆ పిల్లోడు నిద్దరపోకపోతే పోయేది సరుకు కాదు, మేమే."

మా మదరసాలో పొరుగువారి హక్కుల పాఠం నేను చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. ఒకడు తన స్థలంలోనే రొట్టెల బట్టీ పెట్టుకున్నా, దాని పొగ పక్కింటిని నివాసయోగ్యం కాకుండా చేస్తే అడ్డుకోవచ్చునని ఫిఖహ్ గ్రంథాల్లో ఉంది. పచ్చి వెల్లుల్లి తిన్నవాడు ఆ వాసనతో మసీదుకు వచ్చి తోటివారిని ఇబ్బంది పెట్టరాదని దైవప్రవక్త (స) బోధించారు. నిసా సూరాలో మేలు చేయవలసినవారిని పేర్కొన్నచోట తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పొరుగువారితో పాటు పక్కనున్న సహచరుడు కూడా ఉన్నాడు. ప్రయాణంలో తోడైనవాడు కూడా ఆ మాటలోకి వస్తాడని వ్యాఖ్యాతలు వివరించారు. ఇవన్నీ నాకు కంఠస్థం. కాని ఆ సహచరుడు గోనెపట్టా మీద దగ్గుతూ ఉండగా ఆ పొగ నా నిద్ర కోసమే పుడుతున్నదని తెలియడానికి నేను లారీ దిగవలసి వచ్చింది.

శిష్యుణ్ణి లేపి ఇంజన్ ఆపించాను. అయితే అక్కడితో పని ముగియలేదు. నిరుడు నేను సరిగ్గా అక్కడే ఆగిపోయి తప్పు చేశాను. "ఇప్పుడు నువ్వు ఎక్కడ పడుకుంటావు?" అని అడిగాను. "పైన బస్తాల మీద గాలి బాగానే వస్తుంది హజ్రత్. కాని లైను కదిలితే ఎవరు చూస్తారు? బ్యాటరీలు, డీజిల్ దొంగలు వేరే. క్లీనరు పిల్లవాడు కూడా నిన్నటి నుండి నిద్ర లేకుండా ఉన్నాడు" అన్నాడు. "నేను చూస్తాను" అన్నాను. అతడు ఒప్పుకోలేదు. చివరికి పెద్దాయనే, "మేమిద్దరం మేలుకునే ఉండాం గదా నాయనా, నువ్వు పోయి పడుకో. లైను కదిలితే లేపుతాం" అని పంపించాడు.

ఆ రాత్రి మిగిలిన భాగం నేనూ ఆ రైతూ బండి ముందు రాయి మీద కూర్చుని కాపలా కాశాం. తేజ రకం ధర గురించి, ఈసారి తగిలిన తెగులు గురించి, పట్టాభూమికి తోడు తీసుకున్న కౌలు గురించి ఆయన చెప్పాడు. తెల్లవారే దాకా లైను రెండుసార్లు మాత్రమే కదిలింది. అంటే ఆ బారులోని వందలమంది డ్రైవర్లు రెండు కదలికల కోసం రాత్రంతా సగం నిద్రలో ఉన్నారన్నమాట. ఫలానా బండి వంతు ఫలానా గంటకు అని సాయంత్రమే ఒక చీటీ చేతికి ఇచ్చి ఉంటే, సగం ఇంజన్లు ఆ క్షణమే ఆగిపోయేవి. గాలి ఒత్తిడికి భయపడేవాడూ, సెల్ఫ్ అందుకోదని భయపడేవాడూ కూడా నిశ్చింతగా తాళం తీసేవారు. నిజానికి ఆ రాత్రి ఇంజన్లను నడిపించింది చాలావరకు ఎదురుచూపే.

ఫజర్ నమాజు తరువాత నా శిష్యుడు తన యజమానికి ఫోను చేశాడు. నేనే చేయించాను. ఏసీకి ఎంత డీజిల్ వాడుకోవచ్చో ముందుగా తేల్చి చెప్పమని అతడు వినయంగా అడిగాడు. అవతలివైపు కొంతసేపు మౌనం. తరువాత, "ఈ మాట నిరుడే అడగకపోయావా? రాత్రి హాల్టు పడితే నాలుగు గంటలు వేసుకో. ట్రిప్ షీటులో రాయి. లెక్కలో పట్టుకోను" అన్నాడాయన. ఏడాదిగా ఒక మనిషి మనసులో దొంగతనంలా తిరుగుతున్న ప్రశ్న రెండు నిమిషాల్లో తేలిపోయింది. లావాదేవీల్లో షరతులు మొదటనే స్పష్టంగా చెప్పుకోవాలని ధర్మం ఎందుకు నొక్కి చెబుతుందో ఆ రెండు నిమిషాల్లో మరొకసారి అర్థమైంది.

అప్పుడు నా శిష్యుడికి నిరుటి మసలాకు మళ్ళీ జవాబు చెప్పాను. ఈసారి కలం చేతిలో లేదు.

"బేటా, ఇందులో మూడు హక్కులున్నాయి. డీజిల్ యజమాని హక్కు. అది ఆయన అనుమతితో తీరింది. నిద్ర నీ శరీరానికి నీ మీద ఉన్న హక్కు. దానిని చంపుకుని స్టీరింగు పట్టుకుంటే నీతో పాటు రోడ్డున పోయేవారి ప్రాణాలనూ పణం పెట్టినట్లే. అది సబర్ కాదు. ఆ మాట నీకు నిరుడే చెప్పవలసింది, చెప్పలేదు. నన్ను మన్నించు. ఇక మూడవది, పక్కన పడుకున్నవాడి ఊపిరి. సేఠ్ ఇచ్చిన అనుమతి డీజిల్‌కు చెల్లుతుంది, గాలికి చెల్లదు. ఆ హక్కును వదులుకునే అధికారం ఆ పక్కవాడికి తప్ప మరెవరికీ లేదు. అతడు మొహమాటపడి ఊరుకుంటే అది అంగీకారం కాదు. కనుక ఇంజన్ వేసుకునే ముందు ఒక్కసారి దిగి చూడు. పొగగొట్టం వైపు ఎవరైనా ఉంటే బండిని జరుపు, లేదా వారిని ఇటువైపు రమ్మను. రెండూ కుదరకపోతే ఆపు. అవసరం ఎంతో అంతవరకే వాడు. క్యాబిన్ చల్లబడ్డాక, నిద్ర పట్టే వేళకు ఆపగలిగితే ఆపు."

అతడు తల వంచుకుని విని, "మన్నించమనకండి హజ్రత్" అని మాత్రం అన్నాడు.

తక్కిన ప్రపంచంలోనూ ఈ సమస్య ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆగి ఉన్న భారీ డీజిల్ వాహనం ఐదు నిమిషాలకు మించి ఇంజన్ నడపరాదని నిబంధన. అయితే అక్కడ ఇంజన్‌తో పనిలేకుండా క్యాబిన్‌ను చల్లబరచే బ్యాటరీ ఏసీలు, విశ్రాంతి స్థలాల్లో కరెంటు కనెక్షన్లు వంటి ప్రత్యామ్నాయాలూ వచ్చాయి. మన దేశంలోనూ బండి ఆగాక బ్యాటరీతో నడిచే పార్కింగ్ ఏసీలు అమ్మకానికి ఉన్నాయి. జాతీయ రహదారుల మీద కొన్ని పెట్రోలు బంకుల వద్ద చమురు కంపెనీలు "అప్నా ఘర్" పేరుతో డ్రైవర్లకు పడకలు, స్నానపు గదులు ఏర్పాటు చేశాయి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1540 నుండి 1545 వరకు పాలించిన షేర్ షా సూర్ తన రహదారుల వెంట బాటసారులకు సరాయిలు కట్టించాడు. వాటిలో హిందువులకూ ముస్లింలకూ వేరువేరుగా వసతి ఉండేది. మన పెద్దల కాలంలో ఊరూరా ముసాఫిర్‌ఖానాలు, సత్రాలు ఉండేవి. బాటసారి ఇంటింటి అతిథి అన్న తలపు మనకు వారసత్వంగా వచ్చినదే. బాటసారి నడక మాని లారీ ఎక్కేసరికి మనం అతణ్ణి మరచిపోయాం.

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో లారీ యజమానులున్నారు, మిర్చి వ్యాపారులున్నారు, శీతల గిడ్డంగుల్లో పనిచేసేవారున్నారు. డ్రైవర్ల భార్యలు, తల్లులు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. యజమానులు రాత్రి విశ్రాంతికి ఇంత డీజిల్ అని ముందే చెబితే డ్రైవరు దొంగచాటుతనం నుండి బయటపడతాడు. సరుకు దించుకునేవారు వంతు గంట ముందే చెబితే వంద ఇంజన్లు ఆగుతాయి. రోడ్డు పక్కనున్న మసీదు కమిటీలు వరండాలో నాలుగు ఫ్యాన్లు తిప్పి, "ఏ మతంవారైనా రావచ్చు, ఇక్కడ పడుకోవచ్చు" అని గేటు మీద ఒక పలక పెడితే అది దారిలోని ముల్లు తీయడంతో సమానమైన పుణ్యం. ఆ పలక ఖర్చు ఒక రాత్రి కాలిపోయే డీజిల్ ఖర్చుకు మించదు. నేను తిరిగి వచ్చిన శుక్రవారమే మా ఊరి కమిటీ ముందు ఈ మాట పెట్టాను. జాతీయ రహదారి మా మసీదుకు రెండు వందల గజాల దూరం. ప్రస్తుతానికి రెండు ఫ్యాన్లు, ఒక నీళ్ళ కూజా పెట్టారు. మొదటివారంలో ముగ్గురు వచ్చారు. వారిలో ఇద్దరు తమిళనాడువారు.

ఆ సోమవారం మధ్యాహ్నానికి మా బండి యార్డు లోపలికి చేరింది. హమాలీలు టిక్కీలు దించారు. కాటా అయ్యేసరికి మూడు దాటింది. పెద్దాయనకు అనుకున్నదానికంటే కాస్త తక్కువ ధరే పలికింది. అయినా మా ముగ్గురికీ ఆయనే టీ తాగించాడు. తిరుగు ప్రయాణానికి బండి ఎక్కబోతూ నా శిష్యుడు ఆగి, లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. టైర్లు చూస్తున్నాడేమో అనుకున్నాను. పొగగొట్టం వైపు ఎవరైనా ఉన్నారేమో వంగి చూసి, ఆ తరువాతే తాళం తిప్పాడు.

దారిలో ఉన్న ప్రతి బాటసారినీ, వారి కోసం ఇంటి దగ్గర మేలుకుని ఎదురుచూసేవారినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.